ఆమె బడిని చూసి కళ్ళు కుట్టిన రోజులు

నాకు అసూయ పుట్టింది ఆమె అందాన్ని చూసో, జీతాన్ని చూసో కాదు. ఆమె చదువుకున్న బడిని చూసి. నలభైకి దగ్గరపడుతున్న మనిషిని. పన్నెండేళ్ళుగా మస్కట్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఎక్కడో ఆఫ్రికా పల్లెలో ఉన్న ఒక మిషన్ బడిని చూసి నాకు కళ్ళు కుట్టడమేమిటని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలనుకుంటున్నాను.

ఆమెది టాంజానియా. మా ఆసుపత్రిలో చేరిన రోజునే బౌషర్‌లోని స్టాఫ్ ఫ్లాట్‌లో నా గదిలో రెండో మంచం ఆమెకిచ్చారు. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది. ఒక పెట్టె, ఒక పెద్ద గుడ్డసంచీతో వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని "దాదా" అంది. నాకు నవ్వొచ్చింది. ఇక్కడ హిందీ మాట్లాడేవాళ్ళు దాదా అంటే పెద్దన్నో, తాతో. మా వైపు దాదా అంటే రౌడీ. ఆ మాటే చెప్తే ఆమె కూడా నవ్వి, "మా భాషలో అక్క అని" అంది. ఆ తర్వాత మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం గానీ ఆ పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

శుక్రవారం సెలవు. ఆ పొద్దున ఆమె మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫోన్‌లో వారమంతా వచ్చిన వాయిస్ మెసేజులు ఒక్కొక్కటే వినేది. అన్నీ ఆమె బడి నుంచే. ముందు హెడ్‌మిస్ట్రెస్ గొంతు వచ్చేది, తర్వాత ఆడపిల్లలంతా ఒక్కసారిగా చెప్పే నమస్కారం. వెనకాల కోడికూత. మధ్యమధ్యలో ఎవరో ఊరి మనిషి ఫోన్ లాక్కుని నాలుగు మాటలు మాట్లాడేవాడు. నేను అడక్కపోయినా ఆమె నాకు అర్థం చెప్పేది.

"బడి మొక్కజొన్న మోకాలెత్తు పెరిగిందట. వడ్రంగి భార్యకి కవలలు పుట్టారట. ఆరో తరగతి పిల్ల ఒకతి నర్సు అవుతానంటోందట, నాలాగా."

నా ఫోన్‌లో శుక్రవారం వచ్చేవి వేరు. చర్చి గ్రూపులో పువ్వుల మీద రాసిన వాక్యాలు, మా అక్క మిస్డ్ కాల్ ఒకటి. నేను పదో తరగతి దాకా చదివిన బడి నుంచి నాకు ఈ జన్మలో ఒక్క కబురు రాలేదు.

మొదటి దెబ్బ వార్డులో తగిలింది. తుంటి ఎముక విరిగిన ఒక ఒమానీ ముసలావిడ నా పేషెంటు. మూడు రోజులు ఆవిడకి ఒళ్ళు తుడిచాను, పక్క మార్చాను, వచ్చిన నాలుగు అరబీ ముక్కలతో పలకరించాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది తప్ప పలికేది కాదు. నాలుగో రోజు నా రూమ్మేట్ మందుల ట్రాలీ తోసుకుంటూ వచ్చి "హబారీ, బీబీ" అంది. బాగున్నావా అవ్వా అని. ముసలావిడ చటుక్కున ఇటు తిరిగింది. ఆవిడ పుట్టింది టాంజానియా దీవి జాంజిబార్‌లో, చిన్నప్పుడు మాట్లాడింది ఆ భాషే. ఇద్దరూ గంటసేపు కబుర్లాడుకున్నారు. ముసలావిడ నవ్వుతుంటే నొప్పెట్టి ఏడుస్తూ కూడా నవ్వింది.

సాయంత్రం ఆవిడ కొడుకులు హల్వా గిన్నె తెచ్చి "మా భాష మాట్లాడే సిస్టర్ ఎక్కడ?" అని వెతికారు. ఆమె ఆ గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "ముందు నువ్వు తిను, దాదా, నీ పేషెంటు" అంది. నేను తినలేదు. షుగర్ అని అబద్ధం చెప్పాను.

ఆమె బడి కథలు చెప్పేటప్పుడు నేను బట్టలు మడతపెడుతూనో, కూరగాయలు తరుగుతూనో విననట్టు వినేదాన్ని. నిజానికి ఒక్క ముక్క కూడా వదిలేదాన్ని కాదు. వాటిలో ఒకటి మాత్రం నన్ను బాగా బాధపెట్టింది.

ఆమె ఐదో తరగతిలో ఉండగా గాలివానకి బడి పైకప్పు రేకులన్నీ లేచిపోయాయట. కొన్ని మొక్కజొన్న చేలలో, కొన్ని వాగులో దొరికాయి. మళ్ళీ కప్పు వేసేదాకా ఏం చెయ్యాలని ఊరంతా చర్చి దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారు. చివరికి తరగతికో ఇల్లు ఇచ్చారు. రెండో తరగతి వడ్రంగి వరండాలో, నాలుగో తరగతి మేకల కొట్టంలో. వీళ్ళ ఐదో తరగతికి దొరికింది ధాన్యంతో బీరు కాచి అమ్మే ఒక పెద్దామె ఇల్లు.

"మిషన్ బడి పిల్లలు బీరు కాచే ఇంట్లోనా?" అన్నాను, ఉండబట్టలేక.

"మేమున్నన్నాళ్ళూ ఆవిడ కాచలేదు. పిల్లలు ఆ వాసన పీలుస్తారని కుండలన్నీ బోర్లించేసింది. ఆవిడ దగ్గర తాగడానికి వచ్చేవాళ్ళు అలవాటు కొద్దీ వచ్చి గుమ్మంలో కూర్చునేవాళ్ళు. మేం ఎక్కాలు చెప్తుంటే తప్పులు దిద్దేవాళ్ళు."

ఆ తర్వాత ఊరి ఆడవాళ్ళు ఆదివారం ఆరాధన అవగానే నెత్తిన నాలుగేసి ఇటుకలు పెట్టుకుని నది దగ్గర్నుంచి బడి దాకా వరసగా నడిచారట. నా రూమ్మేట్‌కి అమ్మ లేదు, నాన్న ఎవరో తెలియదు. ఆమె వంతు ఇటుకలు బీరు కాచే పెద్దామే మోసిందట.

"నాకు ఇల్లు లేదు, దాదా. కానీ ఆ ఊళ్ళో నేను ఏ ఇంటికెళ్ళినా కంచం పెడతారు" అంది.

నేను ఉల్లిపాయ తరుగుతున్నాను. కళ్ళు తుడుచుకోవడానికి అది బాగానే పనికొచ్చింది.

నాది కూడా మిషన్ బడే. గోదావరి కాలవ పక్కన బోర్డింగు. మా అమ్మానాన్నా వలస పనులకి పోతూ మూడో తరగతిలో నన్ను అక్కడ దించేశారు. మా బడికీ ఊరికీ మధ్య నిలువెత్తు గోడ ఉండేది. ఊరివాళ్ళకి మేం బోర్డింగు పిల్లలం, అంటే ఊరి బయటి పేట పిల్లలం. ఒక ఎండాకాలం మా బోరు ఎండిపోతే వార్డెనమ్మ మమ్మల్ని బిందెలిచ్చి ఊరి కుళాయికి పంపింది. దూరంగా నిలబడమన్నారు, నిలబడ్డాం. నీళ్ళు పొయ్యలేదని చెప్పను. పోశారు, పైనుంచి, వాళ్ళ బిందె అంచు మా బిందెకి తగలకుండా. సగం నీళ్ళు నా మీదే పడ్డాయి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తడిసిన గౌనుతో తిరిగొస్తుంటే వార్డెనమ్మ "ఎవర్నీ ఏమీ అనకండి, ప్రార్థన చేసుకోండి" అంది.

ఇది నేను ఆమెకి చెప్పలేదు. మీ బడి ఎలా ఉండేదని అడిగితే "మీదాని లాంటిదే" అన్నాను.

అక్కడి నుంచి నా బుద్ధి వంకర తిరిగింది. శుక్రవారం పొద్దున మెసేజులు మొదలవగానే వాక్యూమ్ క్లీనర్ వేసేదాన్ని. ఒకరోజు తలనొప్పిగా ఉంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోరాదా అన్నాను. పాపం, ఆ సాయంత్రమే అల్ మవాలే బజారుకి వెళ్ళి కొనుక్కొచ్చింది. తర్వాతి శుక్రవారం గది నిశ్శబ్దంగా ఉంది. ఆమె తల ఊపుతూ, తనలో తాను నవ్వుకుంటూ వింటోంది. దేనికి నవ్వుతోందో నాకు తెలియడం లేదు. ముందుకంటే అదే ఎక్కువ బాధగా ఉంది. కానీ నేనే అడిగి తెప్పించుకున్న నిశ్శబ్దం అది. మళ్ళీ పైకి పెట్టమని ఎలా అడుగుతాను?

మమ్మల్ని డ్యూటీకి దింపే వ్యాన్ డ్రైవర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ఒకరోజు ఆమె దిగి లోపలికి వెళ్ళాక, "అక్కా, గా సిస్టర్ మంచిగ మాట్లాడుతది. ఆమె బడి ముచ్చట్లు నాక్కూడ చెప్తది. గసొంటి ఊరు ఉంటదా అసలు?" అన్నాడు.

"ఉంటే ఆ ఊళ్ళోనే ఉండొచ్చుగా, ఇక్కడికెందుకొచ్చింది?" అన్నాను.

అతను అద్దంలోంచి నా మొహం ఓసారి చూశాడు.

వర్షాలు ముగిశాక వాళ్ళ బడిలో ఆడపిల్లలకి కొత్త డార్మిటరీ పూర్తవుతుందని కబురొచ్చింది. ఊరంతా కలిసి కట్టుకున్నదే. మొదట తలుపు తీసేది ఆమే కావాలన్నారట. ఆ బడి నుంచి సముద్రం దాటి నర్సుగా వెళ్ళిన మొదటి పిల్ల ఆమేనట. ఆ సమయానికి పది రోజుల లీవు కోసం అప్లికేషన్ రాసి సంతకం పెట్టి టేబుల్ మీద ఉంచి స్నానానికి వెళ్ళింది. నేను తేదీలు చూశాను. మా వార్డులో ఒకసారి ఒక్కరికే లీవు ఇస్తారని నాకు తెలుసు. సీనియర్‌ని నేనేనని కూడా తెలుసు.

ఆమె స్నానం చేసి వచ్చేలోపే నేను బయల్దేరాను. మా ఇంచార్జి మలయాళీ పెద్దావిడ, కాగితాల దగ్గర కచ్చితమైన మనిషి. నా అప్లికేషన్ చూసి "ఇంత హఠాత్తుగా?" అంది.

"మా అక్క మనవరాలి బాప్తిస్మం, మేడమ్. నేను లేకుండా చెయ్యరట."

ఆవిడ సంతకం పెట్టేసింది. మధ్యాహ్నం నా రూమ్మేట్ తన కాగితం చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి తన బైబిల్లో దాచుకుంది.

"నువ్వు వెళ్తున్నావటగా. చిన్నపిల్ల బాప్తిస్మం. సంతోషం. ఫొటోలు తీసుకురా" అంది.

నాకు గెలిచినట్టనిపించలేదు గానీ, ఓడినట్టు కూడా అనిపించలేదు. ఈసారి ఆమెకి కూడా ఒకటి చెయ్యి జారిపోయిందన్న తృప్తి ఉంది. సిగ్గుగా ఉన్నా నిజం అదే.

ఆ తృప్తి రెండు రోజులైనా నిలవలేదు. ఆమె బడికి కబురు పెట్టింది, జవాబొచ్చింది. ఈసారి ఇయర్‌ఫోన్స్ తీసేసి నాకు వినిపించింది. ఆడపిల్లలు, ముసలివాళ్ళు, అందరి గొంతులూ కలిసిపోయి ఉన్నాయి.

"ఏమంటున్నారు?" అన్నాను.

"తలుపుకి తాడు కట్టేశారట. నేను వచ్చేదాకా ఎవరూ తియ్యరట. పిల్లలు పాతదాంట్లోనే పడుకుంటామన్నారట."

నా కోసం ఎవరైనా ఒక తలుపు మూసి ఉంచుతారా అని ఆలోచిస్తూ విమానం ఎక్కాను.

తాడేపల్లిగూడెంలో మా అక్క ఇంట్లో మూడు రోజులు ఊరికే కూర్చున్నాను. "ఏవైందే, చెప్పాపెట్టకుండా వచ్చేవు?" అంది అక్క. విశ్రాంతికి అన్నాను. నాలుగో రోజు ఆటో మాట్లాడుకుని నా బడి చూడ్డానికి వెళ్ళాను.

గోడ ఒకచోట కూలి ఉంది. బోర్డింగు మూసేసి చాలా ఏళ్ళయిందట. వరండాలో కాపలామనిషి మిరపకాయలు ఆరబోసుకుంటోంది. "ఎవరమ్మా మీరు?" అంది. ఇక్కడ చదువుకున్నానంటే "అలాగా" అని ఒక పక్కగా మిరపకాయలు జరిపి దారిచ్చింది. మేం పడుకునే పెద్ద హాల్లో విరిగిన బెంచీలు ఒకదాని మీదొకటి ఉన్నాయి. పావుగంట తిరిగాక చూడ్డానికి ఇంకేమీ లేకపోయింది.

ఊళ్ళోకి వెళ్ళి టీ కొట్టు దగ్గర ఆగాను. కొట్టతను ఎవరి తాలూకని అడిగాడు. "బోర్డింగులో చదివాను" అన్నాను, గట్టిగా, కావాలనే.

"ఓహో, బోర్డింగా. పంచదార వేసుకుంటారా?" అని పేపర్ కప్పులో టీ ఇచ్చాడు. చుట్టూ చూశాను. అందరి చేతుల్లోనూ పేపర్ కప్పులే. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళు మోసుకొచ్చిన కోపం ఎవరి మీద దించాలో తెలియక టీ తాగేసి వచ్చేశాను.

మస్కట్ ఎయిర్‌పోర్టుకి వ్యాన్ డ్రైవరే వచ్చాడు. సామాను ఎక్కిస్తూ, "అక్కా, నువ్వు పోయినకాడి నుంచి గా సిస్టర్ నీ డ్యూటీలు గూడ చేస్తున్నది. ఒక్కరోజు గూడ సెలవు తీస్కోలే. నిన్న వ్యాన్‌లనే నిద్రపోయింది" అన్నాడు.

గదిలోకి వెళ్ళగానే ఆమె నా పెట్టె అందుకుని, "ఫొటోలు చూపించు, దాదా. పాపకి తెల్లగౌను వేశారా?" అంది.

ఇంకో అబద్ధం చెప్పొచ్చు. ఫోన్ పోయిందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె కళ్ళ కింద నల్లటి చారలు చూశాక చెప్పలేకపోయాను.

"బాప్తిస్మం ఏమీ లేదు" అన్నాను. "నీ కాగితం టేబుల్ మీద చూసి, నువ్వు వెళ్ళకూడదని వెళ్ళాను."

"ఎందుకు?"

"నీ కోసం ఇంతమంది ఎదురుచూస్తున్నారు. నా కోసం ఎవరూ లేరు. తట్టుకోలేకపోయాను."

ఆమె నా పెట్టె కింద పెట్టి మంచం మీద కూర్చుంది. నన్ను దగ్గరికి తీసుకుని ఓదారుస్తుందని నాలో ఏ మూలో ఆశ ఉన్నట్టుంది. అలాంటిదేం జరగలేదు.

"వాళ్ళు ఎదురుచూస్తున్నారని చెప్పింది నేనే కదా నీకు. నమ్మి చెప్పాను" అంది. లేచి వంటగదిలోకి వెళ్ళి నాకు వేడి చేసిన అన్నం మూత పెట్టేసి వచ్చింది. మర్నాటి నుంచి నన్ను ఆసుపత్రిలో అందరూ పిలిచినట్టే "సిస్టర్" అని పిలిచింది. నా మీద ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. గదిలో అవసరమైన మాటలే మాట్లాడేది. నేనే ఇంచార్జి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "ఇంత వయసొచ్చి నువ్వు చేసే పనేనా ఇది?" అంది. తర్వాత క్యాలెండర్ తిప్పి, వచ్చే నెలలో నాకు రాసిపెట్టిన వారాంతపు సెలవులన్నీ కొట్టేసి, ఆమెకి అప్పుడు పది రోజులు లీవిచ్చింది. ఆ డ్యూటీలు నేను చేశాను.

ఆమె వెళ్ళేటప్పుడు వ్యాన్ దాకా పెట్టె మోసుకెళ్ళాను. "థాంక్యూ, సిస్టర్" అంది. అంతే.

తలుపు తెరిచే రోజున, మధ్యాహ్నం డ్యూటీకి ముందు నేను బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే ఫోన్ మోగింది. వీడియో కాల్. చేసింది ఆమే. నాకు చూపించాలని ఎందుకు అనిపించిందో ఇప్పటికీ అడగలేదు. ఎర్రటి నేల, ఇటుక గోడలు, నీలంరంగు యూనిఫారాల్లో పిల్లలు. ఆమె ఎవరికో ఫోన్ ఇచ్చి తలుపు తాడు విప్పింది. చేతికర్ర పట్టుకుని పక్కన నిలబడ్డ ఒక ముసలామెని చూపించి, "బీరు కాచే అమ్మ ఈవిడే" అంది. ఆ ముసలామె ఫోన్ దగ్గరికి వచ్చి ఒక కన్ను మూసి మరో కంటితో నన్ను చూసింది. అప్పుడు కూడా, అంత మంచి రోజున కూడా, నా కడుపులో మంట చల్లారలేదు.

హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ తీసుకుని, ఈమె కూడా మిషన్ బడిలో చదివిందట, తన బడి గురించి పిల్లలకి చెప్తే బాగుంటుంది అంది. తప్పించుకునే వీలు లేదు. బాగుండేది అని రెండు ముక్కలు చెప్పి పెట్టేద్దామనుకున్నాను. ఏమైందో, కుళాయి దగ్గర నిలబడ్డ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. బిందె అంచు తగలకుండా పైనుంచి పోసిన నీళ్ళ గురించి చెప్పాను. మా అక్కకి కూడా ఎప్పుడూ చెప్పలేదది. నా రూమ్మేట్ ఒక్కొక్క వాక్యం వాళ్ళ భాషలోకి మార్చి చెప్తూ, మధ్యలో ఒకచోట ఆగి నన్ను చూసింది. మళ్ళీ అందుకుంది.

అంతా అయ్యాక ముందు వరసలోని ఒక పిల్ల చెయ్యెత్తి ఏదో అడిగింది.

"అయితే మీ బడికి ఇటుకలు ఎవరు మోశారని అడుగుతోంది" అంది ఆమె.

తెలియదన్నాను. పిల్లకి నమ్మకం కలగనట్టుంది. బడి ఉందంటే ఎవరో మోసే ఉండాలి కదా అన్నట్టు చూసింది.

కాల్ అయిపోయాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అమ్మానాన్నా పోయాక పేటలో మిగిలింది మా పెద్దమ్మే. బడి చూడ్డానికి వెళ్ళిన రోజు కూడా ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. నేను ఫోన్ చేసి ఏడాది దాటింది.

"పెద్దమ్మా, మా బోర్డింగు ఎవరు కట్టేరు?"

"అదేం ప్రశ్నే? దొరలు డబ్బిచ్చేరు, మనోళ్ళు కట్టేరు. ఇంకెవరు కడతారు? ఇటుక పడవలు కాలవ గట్టు దాకానే వచ్చేవి. అక్కణ్ణించి తట్టలు మోసింది మేవే. ఆ పెద్ద హాలు కట్టేటప్పుడు మీ అమ్మ కూడా మోసింది, నువ్వు కడుపులో. వద్దే అంటే వినలేదు. నా పిల్ల ఇందులోనే చదువుద్ది అనేది."

నేను ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేశాను.

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదే?"

"నువ్వడిగేవా?" అంది పెద్దమ్మ.

అసూయ అక్కడితో పోయిందని చెప్పను. ఆమె తిరిగొచ్చాక ఎండకి మెరిసే మొహంతో పెట్టెలోంచి వాళ్ళు పంపిన వేరుశనగలు, రంగురంగుల గుడ్డ తీసి నాకిస్తుంటే మళ్ళీ చురుక్కుమంది. ఇప్పటికీ అప్పుడప్పుడు చురుక్కుమంటుంది. మేం మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడానికి చాలా నెలలు పట్టింది. మునుపటంత దగ్గరతనం రాలేదు కూడా. అది నా చేతులారా చేసుకున్నదే.

కానీ ఆ మధ్యాహ్నం మాత్రం నేను ఫోన్ పెట్టెయ్యలేదు. "ఇంకా ఎవరెవరు మోసేరు, పెద్దమ్మా?" అని అడిగాను. ఆవిడ గొంతు సవరించుకుని, పేట మొదటి ఇంటి నుంచి ఒక్కొక్కర్నీ తలుచుకోవడం మొదలుపెట్టింది. చాలామంది ఇప్పుడు లేరు. ఇస్త్రీ బల్ల మీది డ్యూటీ షెడ్యూల్ కాగితం తిరగేసి, పెన్ను తీసి రాసుకుంటున్నాను. కింద వ్యాన్ హారన్ మోగింది. కిటికీలోంచి తొంగిచూసి రెండు నిమిషాలు ఆగమన్నాను.

"లేట్ అయితది అక్కా" అని కింది నుంచి డ్రైవర్ అన్నాడు.

పెద్దమ్మ ఇంకా నాలుగో ఇంటి దగ్గరే ఉంది.